పసుపు మీద ఊదా

"ముందే రంగులు అనుకుంటే బొమ్మల ప్రాణం పోతది" అంటారు మా జగిత్యాల హాస్టల్ ఆర్టిస్టులు. నేను ఒప్పుకోను.

కోరుట్లలో అమ్మమ్మ కల్లంలో ఆరబోసిన పసుపును పాస్టెల్‌తో గీసిన. నీడ కోసం పసుపు మీద ఊదా రుద్దిన. రెండూ ఎదురు రంగులు, కలిస్తే బురదే. దిద్దుదామని పొర మీద పొర వేస్తే కాగితం గరుకు నిండిపోయి, ఇంక సుద్ద అంటలే. "పెంటకుప్పనా బిడ్డా?" అన్నది అమ్మమ్మ.

వాటర్ కలర్ అయితే పళ్లెంలో కలిపి చూసుకోవచ్చు. పాస్టెల్ కలిసేది కాగితం మీదనే. సిరిసిల్లలో సాంచా నడిపేటోళ్లను అడగండి: పడుగు భీముకెక్కినంక రంగు మారదు, పేక దానికి కుదరాల్సిందే. అందుకే రంగుల లెక్క ముందే తేలాలె.

ఇప్పుడు చిత్తుకాగితం మీద ఐదు రంగులు పక్కపక్కన రుద్ది చూసుకుంట: రెండు పసుపులు, నారింజ, నీడకు ముదురు గోధుమ, ఊదా. ఊదా పసుపు పక్కనే, మీద కాదు. మిగతా పెట్టె మూసేసుడే. ఎండాకాలం మళ్ల కోరుట్ల పోతున్న.