నాన్న తుపాకీకి మేకపోతు ధరా?

మా మండలంలో ఒక రైతు చనిపోయాడు. పంట కాపలా కోసం లైసెన్సు తీసుకుని పెట్టుకున్న సింగిల్ బ్యారెల్ తుపాకీ ఒకటి ఇంట్లో ఉంది. కొడుకు పేరున లైసెన్సు లేదు కాబట్టి, చట్టానికి భయపడే మనిషిలాగే పోలీసు స్టేషన్‌కు తీసుకెళ్లి అప్పజెప్పాడు. తర్వాత అమ్ముదామని పట్నంలోని ఆయుధాల దుకాణానికి వెళితే, ఆ వ్యాపారి తుపాకీని కంటితో చూడకుండానే ధర చెప్పేశాడు. ఒక మేకపోతు కూడా రాని ధర. "ఇస్తే ఇవ్వు, లేకపోతే గడువు దాటాక సర్కారుకే పోతుంది" అన్నాడట.

ఈ సంగతి సంఘం సమావేశంలో చెబితే మనవాళ్లే కొందరు పెదవి విరిచారు. తుపాకులు దొరల సొత్తు, మనకెందుకు అని. తప్పు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ అన్న మాట సూటిగానే ఉంది. అందుకోసం మూతి నుంచి మందు కూరే తుపాకీకి, అది చాలదనిపిస్తే 12 బోరు లాంటి మరో నున్న గొట్టం తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చని రాశారు. (లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవి పందిని కాల్చే హక్కు రాదు. దానికి 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద విడిగా అనుమతి కావాలి. ఆ బాధ మరోసారి రాసుకుందాం.) చట్టం దృష్టిలో కూడా అది సేద్యానికి పనికొచ్చే పనిముట్టే. పంపుసెట్టు అమ్మేటప్పుడు బేరమాడే రైతు దీని దగ్గర ఎందుకు నోరు మూసుకోవాలి?

పాత ట్రాక్టరు కొనేవాడు ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో చూస్తాడు, టైర్లు తట్టి చూస్తాడు. తుపాకీకీ అలాంటి లెక్కలున్నాయి. ముందు తూటా లేదని రెండుసార్లు చూసుకుని, గొట్టాన్ని వెలుతురుకేసి పట్టి లోపల చూడాలి. అద్దంలా మెరిస్తే ఒక ధర, తుప్పు తిని గుంటలు పడితే వేరే ధర. పైన నొక్కులున్నాయా, మడిచి తెరిచే చోట వదులై గడగడలాడుతోందా, చెక్క బట్ చీలిందా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం గొట్టం మీద చెక్కిన పేరు. విదేశీ తుపాకుల దిగుమతి దశాబ్దాల కిందటే వ్యాపారులకు మూతపడింది. అందుకే వెబ్లీ అండ్ స్కాట్ వంటి పాత ఇంగ్లీషు తుపాకీకి, మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ తుపాకీకి ధరలో పోలికే లేదు. ఆ పేరు చదవడం రాని ఇంటి నుంచి దాన్ని ఇనుము లెక్కన పట్టుకుపోయేవాడికి మాత్రం ఆ తేడా బాగా తెలుసు.

అమెరికాలో ఒక రైతు తన పాత వించెస్టర్ 94 లీవర్ రైఫిల్ అమ్మాలనుకుంటే, నంబరు చూసి అది ఏ కాలానిదో తెలుసుకుంటాడు. 1964లో కంపెనీ తయారీ మార్చి నాణ్యత తగ్గించింది కాబట్టి, అంతకు ముందుదైతే ఎక్కువ అడుగుతాడు. ఏ తుపాకీ ఏ స్థితిలో ఉంటే ఎంత పలుకుతుందో చెప్పే ధరల పుస్తకాలు అక్కడ అచ్చవుతాయి. ఆ దేశపు తుపాకీ పిచ్చి మనకు అక్కర్లేదు. కానీ అమ్మేవాడి చేతిలో ఒక కాగితం ఉంది చూడండి, మన రైతుకు లేనిది అదే.

మన దగ్గర ధరను తుపాకీ నిర్ణయించదు, గడువు నిర్ణయిస్తుంది. కొనేవాడికి లైసెన్సు ఉండాలి, అలాంటివాళ్లు ఊళ్లో ఒకరో ఇద్దరో. ఒక రైతు మరొకరికి నేరుగా అమ్మాలంటే జిల్లా మేజిస్ట్రేటుకో స్టేషన్‌కో రాసిచ్చి 45 రోజులు ఆగాలని 5వ సెక్షన్. డిపాజిట్ చేసిన తుపాకీని గడువులోగా అమ్మి ఆ డబ్బు తీసుకునే హక్కు వారసులకు ఉందని 21వ సెక్షన్ చెబుతోంది. జప్తు చేసే ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. వారసుడు తన పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకునే వీలు 2016 నియమాల్లో ఉంది. ఇవన్నీ ఆ కొడుక్కి స్టేషన్లో ఎవరైనా చెప్పారా? చెప్పలేదు. వ్యాపారి మాత్రం గడువు సంగతి ఒక్కటే చెప్పాడు.

దీనికి తోడు ఎన్నికలు. సర్పంచ్ ఎన్నిక దగ్గర్నుంచి పార్లమెంటు దాకా ప్రతిసారీ తుపాకీ స్టేషన్ గదికి చేరాల్సిందే. నూనె గుడ్డ తగలకుండా నెలల తరబడి మూల పడి ఉండి తుప్పుతో తిరిగొస్తుంది. ఆ తుప్పు చూపించే వ్యాపారి ధర తగ్గిస్తాడు. పాడుచేసింది ఒకరు, నష్టం రైతుది.

ఊళ్లలో తుపాకులు తగ్గితే మంచిదేగా అనేవాళ్లకు ఒక మాట. న్యాయమైన ధర, తేలికైన దారి ఉంటే వారసుడు తనంతట తానే తెచ్చి అప్పజెబుతాడు. చిల్లర విసిరి, ఆఫీసుల చుట్టూ తిప్పితే కొందరు అటక మీద దాచేస్తారు. లైసెన్సు చచ్చిపోయి, తుపాకీ మాత్రం బతికి ఉండే ఆ ఇంట్లో పిల్లలు ఆడుకుంటుంటారు. ఏది ప్రమాదం?

డిపాజిట్ రసీదు మీద తయారీ పేరు, నంబరుతో పాటు ఆ రోజు గొట్టం, బట్ ఎలా ఉన్నాయో రాయాలి. గడువు తేదీ, వారసుడి హక్కులు తెలుగులో అదే కాగితం మీద అచ్చు వేయాలి. కొనగల లైసెన్సుదారులు ఇద్దరు ముగ్గురైనా చూసి ధర చెప్పేలా జిల్లాలో ఏడాదికోసారి బహిరంగంగా అమ్మకం పెట్టాలి. స్టేషన్లో తుప్పు పడితే ఆ నష్టం డిపార్టుమెంటు కట్టాలి. కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రంలో ఇవే రాస్తున్నాం. ఇంట్లో డిపాజిట్ రసీదులు ఉన్నవాళ్లు వాటి జిరాక్సు తీసుకుని వచ్చే మండల సమావేశానికి రండి. గడువు దగ్గర పడినవాళ్లు సమావేశం దాకా ఆగొద్దు, ఈ వారమే సంఘం ఆఫీసుకు రండి.