ఫొటోషాప్ కంటే ముందు ఇంక్‌స్కేప్

వెబ్ డిజైన్ అనగానే చాలామంది తల్లిదండ్రులు "ఫొటోషాప్ నేర్పిస్తారా?" అనే అడుగుతారు. పిల్లలకు ముందు వెక్టర్ సాఫ్ట్‌వేర్ నేర్పాలన్నది నా అభిప్రాయం. ఫొటోషాప్ ప్రధానంగా రాస్టర్. బొమ్మను చుక్కలుగా దాస్తుంది. 1974 నాటి మన రోడ్డు కం రైలు వంతెనను అందులో చిన్న లోగోగా గీసి పెద్దది చేస్తే గడ్డర్ల అంచులు మెట్లు మెట్లుగా కనబడతాయి. కింద రాసిన 'కొవ్వూరు'లో వత్తు అలుక్కుపోతుంది. వెక్టర్‌లో ప్రతి గీతా ఒక లెక్క. ఫోన్‌లో చూసినా, ఫ్లెక్సీ వేయించినా అంచు చెదరదు. తొమ్మిదో తరగతి నిరూపక జ్యామితి ఎందుకని అడిగే పిల్లలకు ఇదే జవాబు! గోష్పాద క్షేత్రం ఘాట్ ఫొటోకి మాత్రం రాస్టరే కావాలి. దానికి జింప్ చాలు. ఇంక్‌స్కేప్, జింప్ రెండూ ఉచితమే. నెలనెలా చందా కట్టే ముందు ఈ సెలవుల్లో వాటిని ఇంట్లో కంప్యూటర్‌లో వేసి ఇవ్వండి.