దుమ్ము దగ్గని సరిపెట్టుకోకండి



గత శీతాకాలంలో బసంత్‌నగర్‌కు చెందిన ఒక పాత పరిచయస్తుడు నన్ను చూడవచ్చారు. వయస్సు అరవైకి దగ్గర. ఇరవై ఏళ్ళ క్రితం ఆయనకు క్షయ సోకగా, కోర్సు పూర్తిగా వాడి నయం చేసుకున్నారు. అయినప్పటికీ ప్రతి ఉదయం అరగ్లాసు తెమడ పడుతూనే ఉంది. "దుమ్ముల బతికినోళ్ళం సార్, దగ్గు రాకుంటె ఎట్ల?" అన్నారు. తెమడ పచ్చబడినప్పుడల్లా మందుల దుకాణంలో మూడు రోజుల యాంటీబయాటిక్ మాత్రలు కొని మింగడం ఆయనకు అలవాటు. ఆ ఏడాది అది అయిదోసారి. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన తెమడను కల్చర్ పరీక్షకు పంపినవారు లేరు.

మన బొగ్గుగనుల ప్రాంతంలో దగ్గుకు సంజాయిషీ సులభంగా దొరుకుతుంది. గోదావరిఖనిలో గనులు, రామగుండంలో విద్యుత్ కేంద్రం, బసంత్‌నగర్‌లో సిమెంటు కర్మాగారం ఉన్నాయి. దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుందన్నది నిజమే. కాని ప్రతి దగ్గునూ దుమ్ము ఖాతాలో వ్రాసివేస్తే, దాని చాటున ఉన్న మరొక వ్యాధి మనకు కనబడకుండా పోతుంది. సి.టి. స్కాన్‌లో ఆ పెద్దమనిషికి బయటపడినది అటువంటిదే. దానిని బ్రాంకియెక్టాసిస్ అంటారు.

ఈ వ్యాధిలో శ్వాసనాళాల గోడలు దెబ్బతిని, నాళాలు శాశ్వతంగా వెడల్పవుతాయి. తెమడ పైకి రాలేక నిలిచిపోతుంది. నిలిచిన తెమడలో బాక్టీరియా పెరుగుతుంది, దానివల్ల వచ్చే వాపు గోడలను మరింత దెబ్బతీస్తుంది. స్టెతస్కోపును కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్ 1819లోనే దీనిని వర్ణించాడు. మన దేశంలో 31 కేంద్రాల నుండి 2195 మంది రోగుల వివరాలు సేకరించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, అత్యధికంగా కనిపించిన కారణం గతంలో వచ్చిన క్షయ. మూడింట ఒక వంతు కంటె ఎక్కువ మందికి అదే మూలం. క్షయ నయమైనంత మాత్రాన ఊపిరితిత్తి మునుపటివలె అయినదని అర్థం కాదు.

ఆ అధ్యయనంలో తెమడలో ఎక్కువగా దొరికిన సూక్ష్మజీవి సూడోమోనాస్. ఇది నాళాలలో తన చుట్టూ జిగటపొర అల్లుకొని స్థిరపడుతుంది. స్థిరపడిన తరువాత వెళ్ళగొట్టడం చాలా కష్టం. అది ఉన్న రోగులలో ఆసుపత్రిలో చేరవలసిన అవసరమూ, మరణ ప్రమాదమూ ఎక్కువని పలు పరిశీలనలు చూపాయి. అందుకే అది మొదటిసారి కనబడినప్పుడే తొలగించడానికి ప్రయత్నించాలని ఐరోపా వైద్యుల 2017 మార్గదర్శకాలు, బ్రిటన్ వారి 2019 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. సాధారణంగా మొదట సిప్రోఫ్లాక్ససిన్ రెండు వారాలు ఇస్తారు. దానికి లొంగకపోతే ఇంజెక్షన్లు, ఆపైన కొలిస్టిన్ వంటి మందును నెబ్యులైజర్ ద్వారా మూడు నెలలు ఇస్తారు.

దీనికి ఆధారాలు బలమైనవి కావన్న అభ్యంతరం ఉంది. అది న్యాయమైనదే. ఆ మార్గదర్శకాలు వ్రాసినవారే ఆ సంగతి ఒప్పుకొన్నారు. తొలగిన సూక్ష్మజీవి తిరిగి రావచ్చు. అయినా నేను తొలి చికిత్స పక్షానే నిలుస్తాను. ఒకసారి గురి చూసి, తగినన్ని రోజులు ఇచ్చిన మందు కంటె, ఏటా అయిదారుసార్లు గుడ్డిగా మింగే మూడు రోజుల మాత్రలు ఎక్కువ హాని చేస్తాయి. అవి సూక్ష్మజీవిని చంపవు, మందును తట్టుకోవడం నేర్పుతాయి.

ఈ తప్పులో నాకూ భాగముంది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, బయట వందమంది వరుసలో నిలబడి ఉండగా, తెమడ పరీక్ష వ్రాయకుండా మాత్రలు వ్రాసి పంపిన సందర్భాలు నాకు గుర్తున్నాయి.

మరొక ప్రమాదం ఉంది. సిప్రోఫ్లాక్ససిన్, లెవోఫ్లాక్ససిన్ వంటి మందులు క్షయ క్రిమిని కూడా కొంత అణచగలవు. క్షయ తిరగబెట్టిన మనిషి వాటిని వాడితే, కొద్దిరోజులు తేలికపడినట్టు అనిపించి, అసలు రోగనిర్ధారణ ఆలస్యమవుతుంది. కనుక మన దేశంలో క్షయ పరీక్ష ముందుగా జరగాలి. 2014 నుండి లెవోఫ్లాక్ససిన్ వంటి మందులు షెడ్యూల్ హెచ్-1లో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మరాదు, అమ్మినది రిజిస్టరులో వ్రాయాలి.

మీరు చేయవలసినవి కొన్ని చెబుతాను. ఎనిమిది వారాలు దాటి తెమడతో కూడిన దగ్గు ఉంటే, ముఖ్యంగా గతంలో క్షయ వచ్చి ఉంటే, ఛాతీ వైద్యుని చూడండి. యాంటీబయాటిక్ మొదటి మోతాదుకు ముందే తెమడను కల్చర్‌కు ఇవ్వండి. నోరు పుక్కిలించి, లోతుగా దగ్గి తీసిన తెమడ కావాలి, ఉమ్మి కాదు. ఆలస్యం చేయక రెండు గంటలలోపు ప్రయోగశాలకు చేర్చండి. వ్రాసిన మందును వ్రాసినన్ని రోజులూ వాడండి. సిప్రోఫ్లాక్ససిన్‌ను పాలతో గాని, ఇనుము, కాల్షియం మాత్రలతో గాని కలిపి వేసుకోవద్దు. మడమ నరం నొప్పి పుడితే వెంటనే వైద్యునికి చెప్పండి. రోజూ తెమడ తీసివేసే శ్వాస వ్యాయామాలు నేర్చుకోండి. అవి లేకుండా ఏ మందూ ఎక్కువకాలం నిలవదు. తెమడలో రక్తం కనబడితే ఆసుపత్రికి వెళ్ళడం ఆలస్యం చేయవద్దు.

అధికారులకు నా మనవి ఒక్కటే. క్షయ కోర్సు ముగిసిందని కార్డు మూసివేసే రోజున "ఇంకా తెమడ పడుతున్నదా?" అని అడగండి. పడుతున్నదంటే కల్చర్ చేయించండి. నేడు గోదావరిఖనిలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఒకప్పటివలె ప్రతి అవసరానికీ వరంగల్‌కో హైదరాబాదుకో పోవలసిన రోజులు కావివి.

ఆ పెద్దమనిషికి క్షయ లేదని తేల్చుకొని, కల్చర్‌లో సూడోమోనాస్ తేలిన మీదట రెండు వారాల చికిత్స ఇప్పించాము. తరువాతి రెండు కల్చర్లలో అది కనబడలేదు. మళ్ళీ రాదని నేను ఆయనకు మాట ఇవ్వలేదు. తెమడ రంగు మారితే ముందు డబ్బా పట్టుకొని ప్రయోగశాలకు వెళతానని మాత్రం ఆయన నాకు మాట ఇచ్చారు.