దర్శకుడుగా నాగయ్యగారు నెగ్గారా?

వంట బాగా వచ్చినవారికి వడ్డన కూడా వచ్చి తీరాలన్న నియమమేదీ లేదు. నటన సంగతీ అంతే. తెరమీద మనల్ని ఏడిపించి, నవ్వించి, చేతులు జోడింపజేసిన నటుడు కెమెరా వెనక్కి వెళ్ళి నిలబడితే ఏమవుతుంది? ఈ ప్రశ్న మన చిత్రసీమకు కొత్తది కాదు. భానుమతిగారు 1953లో ‘చండీరాణి’తోను, రామారావుగారు 1961లో ‘సీతారామ కల్యాణం’తోను, రంగారావుగారు 1967లో ‘చదరంగం’తోను, సావిత్రిగారు 1968లో ‘చిన్నారి పాపలు’తోను దర్శకులయ్యారు. రామారావుగారైతే ఆ తొలి చిత్రానికి దర్శకుడి పేరే వేసుకోలేదు. వీరందరికంటె ముందే, 1946లో, ఆ సాహసానికి పూనుకున్నవారు చిత్తూరు నాగయ్యగారు.

గుడుపల్లెలో కూర్చుని ఈ మాట రాస్తున్నాను గనుక నాకు కాస్త పక్షపాతం ఉందని మీరంటే కాదనను. ఆయన పుట్టింది 1904లో, గుంటూరు సీమలోని రేపల్లెలో. ఇంటిపేరు ఉప్పలదడియం. కాని చిత్తూరు రామవిలాస సభవారి నాటకాలలో పేరు తెచ్చుకోవడంతో ఊరి పేరే ఇంటిపేరై కూర్చుంది. మేము ఇంట్లో తెలుగు, సంతలో తమిళం మాట్లాడేవాళ్ళం. రైలెక్కి కాస్త దూరం పోతే కన్నడం. తమిళదేశంలో ఉండి తెలుగులో పాడిన త్యాగయ్యగారు మాకు పరాయివారెలా అవుతారు? ఆ వేషం వేసిన నాగయ్యగారూ అంతే.

మా కాలేజీలో ఒక కుర్రవాడు, “డైరెక్టరుగా నాగయ్య పాసా, ఫెయిలా సార్?” అని అడిగాడు. మార్కులు వేసేముందు పేపరు దిద్దాలి గదా! ఆయన దర్శకత్వంలో వచ్చినవాటిలో ముఖ్యమైనవి మూడు: ‘త్యాగయ్య’ (1946), ‘నా ఇల్లు’ (1953), ‘భక్త రామదాసు’ (1964).

పేపరు దిద్దడానికి మనకొక మంచి సదుపాయం ఉంది. యుద్ధకాలంలో వచ్చిన ‘భక్త పోతన’కూ, 1947లో వచ్చిన ‘యోగి వేమన’కూ దర్శకులు కె.వి. రెడ్డిగారు. నడుమ వచ్చిన ‘త్యాగయ్య’కు నాగయ్యగారే దర్శకులు. నటుడొకరే, వేషాలూ ఒకే కోవకు చెందినవి; దర్శకులు మాత్రం వేరు. పోల్చి చూసుకోవడానికి ఇంతకంటె ఏం కావాలి?

కె.వి. రెడ్డిగారికి కథమీద పట్టు ఎక్కువ. భోగి అయిన వేమన, బంగారం చేసే యావలో పడ్డ వేమన, అన్న కూతురు పోయేసరికి మనసు విరిగిపోయిన వేమన – ఇలా ఒక్కొక్క మెట్టే ఎక్కించి తీసుకుపోతారు. నాగయ్యగారు పాడుతున్నా కథ ఆగదు. ‘త్యాగయ్య’లో అలా కాదు. కీర్తన ఎత్తుకున్నారంటే కథ పక్కకు తప్పుకుని వినవలసిందే. కెమెరా కూడా కచేరీలో ముందు వరుసలో చేరిన రసికుడిలాగా కూర్చుండిపోతుంది.

మరో చిత్రంలోనయితే ఇది లోపమే. ఇక్కడ కాదంటాను నేను. త్యాగరాజస్వామి జీవితంలో జరిగినదంతా పాటలోనే జరిగింది. రాజుగారి కానుక వద్దన్నా, అన్నగారు విగ్రహాలను కావేరిలో పడవేసినా, ఆ వేదన పలికింది కీర్తనలోనే. సంగీతం తనదే, గొంతు తనదే, అభినయం తనదే అయిన మనిషికి కీర్తన ఎక్కడ ముగియాలో తెలిసినట్లు మరొకరికి తెలియదు. ఆ చిత్రానికి జనం నీరాజనం పట్టారు.

‘నా ఇల్లు’కు వచ్చేసరికి సంగతి మారింది. అది సాంఘికం, పైగా ‘ఎన్ వీడు’ అన్న పేరుతో తమిళంలో కూడా తీశారు. భక్తుడి కథలో పాట మోసే బరువును సాంఘికంలో సంభాషణ, సన్నివేశం మోయాలి. ఆ చిత్రం ‘త్యాగయ్య’లాగా జనం నోట నిలవలేదు. ‘భక్త రామదాసు’ నాటికి ఆయనకు అరవై ఏళ్ళు. ఆ చిత్రంలో మహమ్మద్ రఫీ చేత పాడించారు. కాని అంతకుముందు ఏడే జనం రంగుల ‘లవకుశ’ చూసి ఉన్నారు. అందులో వాల్మీకి మన నాగయ్యగారే! కాలం మారిందని ఆయనకు తెలియక కాదు. తన మనసుకు నచ్చిన దారి వదలలేకపోయారు.

ఇదంతా విని మా ఆవిడ, “అంతా బాగానే ఉంది, చివరికి ఆయనకేం మిగిలింది?” అని అడిగింది. ఇల్లు దిద్దుకునేవారు అడగవలసిన ప్రశ్నే. సర్కారు పైకంతో గుడి కట్టించి చెరసాలకు పోయిన గోపన్న కథ తీసిన నాగయ్యగారు, తన సంపాదన విషయంలోనూ గోపన్న బాటే పట్టారు. సినిమాలకు పోయింది పోగా, చెయ్యిచాచినవారికి ఇచ్చింది ఇవ్వగా, 1965లో పద్మశ్రీ అందుకున్న మనిషి 1973 డిసెంబరు 30న కన్నుమూసేనాటికి ఇబ్బందులలోనే ఉన్నారు. మదరాసు పానగల్ పార్కు దగ్గర ఆయన విగ్రహం మాత్రం నిలిచింది.

దర్శకుడికి కావలసిన మాట ఒకటుంది: “చాలు.” పాటను చాలనాలి, ఖర్చును చాలనాలి, ఒక్కొక్కసారి తనను తానే చాలనుకోవాలి. గాయకుడైన నాగయ్యతో ఆ మాట అనడానికి దర్శకుడైన నాగయ్యకు నోరు రాలేదు. గుమ్మంలోకి వచ్చినవారితోనూ రాలేదు. అందుకే మొత్తంమీద ఆయన గొప్ప దర్శకుడు అనలేను. ఒక్క చిత్రంలో మాత్రం, ఆ మాట అవసరం లేని కథ దొరికింది గనుక, పూర్తిగా నెగ్గారు.

వీలుంటే రెండు సాయంత్రాలు ఇంటిల్లిపాదీ కూర్చుని ‘త్యాగయ్య’, ‘యోగి వేమన’ వరసగా చూడండి. ఎక్కడ “చాలు” అనాలనిపిస్తుందో మీరే చెప్పండి. ‘త్యాగయ్య’ చూస్తుంటే నాకు మాత్రం ఆ మాట నోటికి రాలేదు.