నాలా మీది స్లాబు ఎవరిది?

గట్టి వాన పడితే రాంనగర్ నాలా పక్క బస్తీల్లో బియ్యం సంచి మంచమెక్కుతుంది. పర్యావరణహిత అభివృద్ధి, సమ్మిళిత వృద్ధి అని పాలకులు పలికే పెద్ద మాటలకు పరీక్ష ఇక్కడే.

2000 ఆగస్టు 24న ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన. హుస్సేన్ సాగర్ మిగులు నీరు పక్కనున్న అశోక్‌నగర్, దోమలగూడ ఇండ్లను ముంచింది. నాలాలు వెడల్పు చేయాలని 2003లో కిర్లోస్కర్ నివేదిక వచ్చింది. 2020 అక్టోబర్‌లో నగరం మళ్లీ మునిగింది. నడుమ రాష్ట్రమే మారింది! నాలాలను మింగింది సమైక్య పాలకులేనన్న సభల్లో చప్పట్లు కొట్టిన మనం, 2014 తర్వాత ఎవరిని నిలదీశాం? జంట జలాశయాలకు కాపలాగా ఉన్న 111 జీవో ఆంక్షలను 2022లో ఎత్తేస్తే, గండిపేట నీళ్లు తాగిన మనలో ఎందరం నోరు విప్పాం?

2024లో హైడ్రా వచ్చింది. ఆ ఆగస్టులోనే రాంనగర్ మణెమ్మ గల్లీలో నాలా ఆక్రమణలు కూల్చింది. తప్పనం. నీటికి దారి కావాల్సిందే. కానీ బతకడానికి నాలా ఒడ్డున గుడిసె వేసినవాడూ, కిరాయిల కోసం నాలా మీద స్లాబు పోసినవాడూ ఒక్కటెట్లా అవుతారు? గుడిసె తీసే ముందే దగ్గర్లో ఇల్లు చూపాలి. ఊరవతల డబుల్ బెడ్‌రూం తాళం చేతిలో పెడితే సరిపోదు. పొద్దున ఆరింటికి చిక్కడపల్లిలో గిన్నెలు తోమాల్సిన తల్లికి బస్సు ఉచితమైనా పని మిగలదు.

ముందు ఒక జాబితా వార్డు ఆఫీసు గోడకు అంటించండి: నాలా మీద ఎవరి స్లాబు ఎన్ని గజాలు, దానికి అనుమతిచ్చిన అధికారి ఎవరు.