బిడ్డను గడప దాటనివ్వండి

మొన్న ఉప్పునుంతల నుంచి ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకును మా ఆస్పత్రికి తీసుకొచ్చింది. పిల్లవాడికి పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. ఇప్పుడు దీన్నే మేధో వైకల్యం అంటున్నాం. ఒళ్లు బాగా వచ్చింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. "ఆడనీకి పోతే పిల్లలు ఎక్కిరిస్తుండ్రు సారూ, అందుకే ఇంట్లనే కూసోబెడుతున్న" అంది. ఆమెను తప్పుపట్టలేకపోయాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఎందరో తల్లులకు "ఇంట్లోనే జాగ్రత్తగా చూసుకోండమ్మా" అని చెప్పాను. అది పొరపాటు సలహా.

బంతి పట్టుకోవాలంటే పిల్లవాడు దాన్ని చూడాలి, ఎటు వస్తుందో ఊహించాలి, సమయానికి చేతులు చాచాలి, తన వంతు వచ్చేదాకా ఆగాలి. ఏకాగ్రత, జ్ఞాపకం, ఓర్పు అన్నీ అందులోనే ఉన్నాయి. రోజూ ఒళ్లు కదిలించే పిల్లల్లో ఇవి కొంత మెరుగుపడతాయని పరిశోధనలు చెబుతున్నాయి. ఆటలతో వైకల్యం పోతుందని నేననను. తెలివి పెంచుతామని టానిక్కులు అమ్మేవాళ్లనూ నమ్మకండి. కాని పిల్లవాడు తన చొక్కా తానే తొడుక్కుంటే, చెప్పిన సరుకు గుర్తుంచుకుని కొట్టు నుంచి తెస్తే, అది చిన్న విషయమా?

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి చిన్నప్పుడు హేళనలు పడిన అమ్మాయే. మేధో వైకల్యం ఉన్నవారి 400 మీటర్ల పరుగులో 2024 మేలో కోబెలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ సెప్టెంబరులోనే పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచింది. అందరు పిల్లలూ దీప్తి కానక్కరలేదు. ఇంట్లో మగ్గిపోకుండా ఉంటే చాలు.

ఈ వయసు పిల్లలకు, వైకల్యం ఉన్నా సరే, రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మీరు 10 నిమిషాలతో మొదలుపెట్టండి. రోజూ ఒకే వేళకు, తోబుట్టువులతో కలిసి ఆడించండి. నడక, బంతాట, తొక్కుడుబిళ్ల ఏదైనా సరే. మాటతో చెప్పడం కంటే చేసి చూపించండి. ఒకసారి ఒక్క పనే నేర్పండి. గెంతేటప్పుడు అంకెలు లెక్కపెట్టించండి.

ముందుగా డాక్టరు చేత గుండె, థైరాయిడ్ పరీక్ష చేయించండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ ఎముకలు వదులుగా ఉంటాయి కనుక, పరీక్ష కాకుండా పిల్లిమొగ్గలు వేయించవద్దు. మూర్ఛలు వచ్చే పిల్లల్ని బావులు, చెరువుల దగ్గర ఒంటరిగా వదలకండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థలో తల్లిదండ్రులకు కావలసిన సలహాలు దొరుకుతాయి.

ఆ రోజు నేను దూది ఉండ ఒకటి ఆ పిల్లవాడి వైపు విసిరాను. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి పట్టుకుని తల్లి వైపు చూశాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇంకోపారి ఎయ్యి సారూ" అంది.

మీ ఇంట్లోనూ అలాంటి బిడ్డ ఉంటే, ఈ సాయంత్రమే వాకిట్లోకి తీసుకెళ్లండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. మీరు పక్కన ఉంటే చాలు.