మామూజాన్ కంప్యూటర్ కబాడీకి ఎందుకు?

మా మామూజాన్ దుబాయ్ నుంచి తెచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ ముప్పై ఏళ్లకు పైగా సందూక్‌లోనే ఉండిపోయింది. 1982లో బ్రిటన్‌లో సింక్లెయిర్ కంపెనీ తెచ్చిన మషీన్ అది. రబ్బరు మీటలు, 48 కె మెమరీ. చిన్నప్పుడు ఆయన నాతో నా పేరు టైప్ చేయించింది దానిమీదే. మొన్న రంజాన్‌లో "బేటా, నా కళ్లు పూర్తిగా పోకముందే దాన్ని ఒక్కసారి చూపిస్తావా?" అన్నారు.

బజార్‌కు తీసుకెళ్లాను. ఒక దుకాణందారు "కొత్త టీవీకి ఇది పనిచేయదు భాయ్, కబాడీకి వేసెయ్" అన్నాడు. ఇంకొకాయన వేల రూపాయల డబ్బా చూపించాడు. ఇద్దరి మాటా గలత్ అంటాను నేను.

అసలు సంగతి ఏమిటంటే, ఈ మషీన్ ఒక చిన్న టీవీ స్టేషన్ లాంటిది. బొమ్మను యూహెచ్‌ఎఫ్ 36వ ఛానల్‌లో పంపుతుంది. మీ టీవీలో అనలాగ్ ట్యూనర్ ఇంకా ఉంటే యాంటెన్నా వైరు పెట్టి వెతకండి. పైసా ఖర్చు లేదు.

లేదంటే లోపలి మాడ్యులేటర్‌కు వెళ్లే వైర్లు విడదీసి, కాంపోజిట్ సిగ్నల్‌ను నేరుగా సాకెట్‌కు కలపాలి. టంకం పని తెలిసిన కారీగర్‌కు ఇది పెద్ద పని కాదు. మళ్లీ పాతలాగే చేసుకోవచ్చు కూడా. తర్వాత టీవీలో ఏవీ ఇన్‌పుట్ ఉంటే చాలు. అదీ లేకుంటే కొన్ని వందలకు దొరికే కన్వర్టర్ కొనండి. అది ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేదై ఉండాలి. నేను మొదట ఉల్టాది కొని పైసలు పోగొట్టుకున్నాను. చవక కన్వర్టర్‌తో బొమ్మ కాస్త మసకగా, ఆలస్యంగా వస్తుంది. ఆటలకు తక్లీఫే, యాది కోసమైతే చాలు.

ఒక్క జాగ్రత్త: దీనికి 9 వోల్టుల డీసీ కావాలి, మధ్య పిన్ నెగెటివ్. చేతికందిన అడాప్టర్ పెడితే మషీన్ ఖతమ్.

"ఇప్పటికి పనికిరాదు" అన్న మాట నేను నా ఉర్దూ మీడియం చదువు గురించి కూడా విన్నాను. తెలుగు డిగ్రీలో చేరాక తెలిసింది, లోపం చదువులో లేదు, మధ్యలో వంతెన లేకపోవడమే అని. పాత వస్తువుల ఖదర్ అంటే అద్దాల బీరువాలో పెట్టడం కాదు, మళ్లీ పని చేయించడం. అది షౌకీన్ అమీర్లకే వదిలేస్తే మనలాంటి ఇళ్లలోని మషీన్లన్నీ కబాడీకే పోతాయి.

మొన్న టీవీలో తెల్లటి తెర, అడుగున సింక్లెయిర్ పేరు కనిపించాయి. మామూజాన్ కళ్లద్దాలు తుడుచుకుని, మీటలు తడుముతూ నా పేరు టైప్ చేశారు. మీ సందూక్‌లో కూడా ఒకటి ఉంటే, దాన్ని గుర్తుపట్టే పెద్దలు ఉండగానే బయటికి తీయండి.